పాత సామాను – తూకమూ, పేరూ

"కొత్తొక వింత, పాతొక రోత" అన్న సామెత మన నాలుకల మీద నిత్యం ఆడుతూనే ఉంటుంది. సామెతలన్నీ అనుభవం నుండి పుట్టినవే గాని, అన్నీ అన్ని వేళలా నిజం కావు. పాతది రోత అయినవాడు దానిని అమ్ముతాడు, సరే. మరి దానిని కొనేవాడు కూడా ఉన్నాడు గదా! ఒకరికి రోత అయిన వస్తువు వేరొకరికి అవసరమై, ఇంకొకరికి జీవనోపాధియై ఊరూరా తిరుగుతున్నది. ఈ తిరుగుడు ఎట్లా సాగుతుంది, ఏ వస్తువు ఏ లెక్కన చేతులు మారుతుంది, ఆ లెక్కకు అందనిది ఏమైనా మిగిలి ఉంటుందా అనే విషయాలను కోనసీమలో ఒక శని, ఆదివారాలలో నేను చూచిన మేరకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను నెలకొకసారి మా మేనత్తను చూడడానికి రాజోలు వెళ్తూ ఉంటాను. శనివారం ఉదయం అమలాపురంలో బయలుదేరి, కొత్తపేటలో పిన్నిగారి యింట రాత్రి ఉండి, ఆదివారం గన్నవరం వద్ద వైనతేయ దాటి రాజోలు చేరుకుంటాను. సూటిగా పోవలసిన దారిని వదలి యీ చుట్టుదారి పట్టడానికి చుట్టరికం ఒక కారణం. దారి పొడుగునా కనిపించిన ప్రతి పాత సామాను కొట్టులోనూ అడుగుపెట్టడం రెండవ కారణం. ఆ రెండవ అలవాటు నాకు ఎందుకు పట్టుకున్నదో తరువాత మనవి చేస్తాను.

గుజరీ, గుదడీ

పాత ఇనుము, ఇత్తడి, సీసాలు, కాగితాలు కొనే కొట్టును కోస్తా జిల్లాలలో "గుజరీ కొట్టు" అంటాము. ఈ మాట మనకు ఉర్దూ నుండి వచ్చినది. సాయంకాలం పూట దారి ప్రక్కన జరిగే అంగడిని ఉర్దూలో "గుజ్రీ" అంటారు. "గుజర్" అనగా గడచుట, దాటిపోవుట, దారి. దారిన పోయేవారి కోసం వెలసిన అంగడి కాబట్టి గుజ్రీ అయినది. చెన్నపట్టణంలోని గుజిలీ బజారు పేరు, అక్కడ అమ్మిన చవక అచ్చు పుస్తకాలకు వచ్చిన "గుజిలీ ప్రతులు" అన్న పేరు పాత పుస్తకాలతో పరిచయం ఉన్నవారికి తెలిసినవే.

ఇటువంటిదే ఇంకొక మాట "గుదడీ". పాత గుడ్డలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతను ఉర్దూలో గుదడీ అంటారు. పాత వస్తువులు అమ్మే అంగడికి కూడా అదే పేరు, గుదడీ బాజార్. బొంతకూ, పాత సామాను బజారుకూ ఒకే పేరు ఎందుకు పెట్టారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. రాజోలులో ఒక మధ్యాహ్నం అర్థమయింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఈ వ్యాపారం మన ఒక్క దేశానిదే కాదు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరిగే జుమ్మెరాత్ బజారు, ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీద పరచే పాత పుస్తకాలు, బొంబాయిలోని చోర్ బజారు ప్రసిద్ధములు. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్గార్ హెల్మ్స్ అనే మతాచార్యుడు 1902లో ధనికుల యిళ్ళ నుండి పాత బట్టలు సేకరించి, పేదలచేత బాగుచేయించి అమ్మించే పని ప్రారంభించాడు. నేటి గుడ్‌విల్ దుకాణాలకు అదే మూలం. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ సంస్థవారు 1940 దశాబ్దం చివర ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఇటువంటి దుకాణమే తెరిచారు. అక్కడ వస్తువును ఊరకే ఇస్తారు, అమ్మగా వచ్చిన సొమ్ము ధర్మకార్యానికి పోతుంది. మన గుజరీలో ఇచ్చేవాడికీ పైకం కావాలి, పుచ్చుకునేవాడికీ లాభం కావాలి. ముఖ్యమైన భేదం అదే.

కొలతలు నాలుగు విధాలు

గుజరీ కొట్టులో ఒక గంట కూర్చుంటే లోకంలోని వస్తువులన్నీ నాలుగు కొలతలలో ఇమిడిపోతాయని తెలుస్తుంది. లోహానికి కిలో. కాగితానికీ కిలోయే. అది నిన్నటి దినపత్రిక అయినా, ఎవరో పరీక్ష కోసం రాత్రుళ్ళు మేలుకొని చదివిన గ్రంథమయినా ఒకే తూకం. కలపకు ఘనపుటడుగు. కోనసీమలో మండువా లోగిళ్ళు విప్పేటప్పుడు వచ్చే టేకు ద్వారబంధాలు, స్తంభాలు ఈ లెక్కనే పోతాయి. నగిషీ ఉన్నదయితే దానికి వేరే ధర పలుకుతుంది. ఇక బట్టకు కంటి అంచనా.

వీటిలో ఇత్తడి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రాగిలో యశదం కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. గిన్నెలకు వాడే ఇత్తడిలో రాగి నూటికి అరవై నుండి డెబ్బై పాళ్ళ వరకు ఉంటుంది. ఇత్తడికి అయస్కాంతం అంటదు. కావున పైన పూత పూసిన ఇనుమును గుర్తించడానికి కొట్టువాడి జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతపు ముక్క ఉంటుంది. కంచును వ్రేలితో మీటితే మ్రోత నిలిచి వినిపిస్తుంది. ఇత్తడి మ్రోత త్వరగా అణగిపోతుంది.

ఈ పాత ఇత్తడి ఎక్కడికి పోతుంది? వసిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున, పెరవలి మండలంలో, అజ్జరం అనే గ్రామం ఉన్నది. ఇత్తడి పనికి అది పేరు మోసిన ఊరు. పాత ఇత్తడిని సుమారు 900 డిగ్రీల వేడిలో కరిగించి, బిందెలు, గుండిగలు, గుడి గంటలు తయారు చేసే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. నిన్న ఒక యింట నీళ్ళు కాచిన గుండిగ రేపు ఒక దేవాలయంలో గంటగా మ్రోగవచ్చును. లోహానికి మరణం లేదని అజ్జరం చూచినవారికి చెప్పనక్కరలేదు.

కొత్తపేటలో నేను ఎరిగిన ఒక గుజరీ కొట్టు యజమాని నన్ను చూడగానే, "ఆయ్, రండి మాస్టారూ! ఈమాటు ఇత్తడి దిగిందండి" అన్నాడు. గోనెసంచి విప్పాడు. సొట్టలు పడిన చెంబులు, పిడి ఊడిన గరిటెలు, అడుగున మాటు వేసిన రెండు బిందెలు, వాటి క్రింద ఒక గుండిగ. గుండిగ మూతి ప్రక్కన చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు కనిపించాయి. ఒక స్త్రీ పేరు, ఊరి పేరులోని మొదటి అక్షరం, 1962 అన్న సంవత్సరం. ఆ పేరు ఇక్కడ వ్రాయను. ఆ యింటివారు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు.

ఇప్పటి విద్యార్థులలో పెక్కుమందికి ఈ ఆచారం తెలియకపోవచ్చును. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారెతో ఇచ్చే పాత్రలపైన ఆమె పేరు కొట్టించేవారు. సన్నని ఉలితో, చిన్న సుత్తితో ఒక్కొక్క చుక్కే పొడిచి అక్షరం దింపేవారు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పాత్రలు ఇల్లిల్లూ తిరిగే కాలంలో ఎవరిది ఎవరిదో తెలియడానికి అది ఆనవాలు. పేరు కొట్టిన మనిషికి చదువు వచ్చునేమో గాని, పేరు గల మనిషికి రాని సందర్భాలే ఎక్కువ.

"దీన్ని ఎవరైనా కొంటారా?" అని అడిగాను.

"పేరున్నది ఎవరు కొంటారండీ? ఎవరి పేరో మనింట్లో ఎందుకంటారు. పోనీ అరగదీద్దామంటే ఆ చోటు పలచబడిపోద్దండి. అంచేత ఇది కరుగులోకే" అన్నాడతడు. ఆ మాటలో కాఠిన్యం ఏమీ లేదు. అతని వృత్తి అది.

తూకం వేయించాను. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. అడిగినంత ఇచ్చి గుండిగను సంచిలో పెట్టుకున్నాను. అక్షరాల బరువు అందులో ఎంతో ఆ త్రాసు చెప్పలేదు.

బట్టకు బదులు స్టీలు

ఆ సాయంకాలం పిన్నిగారి వీధిలో "పాత బట్టలకు స్టీలు సామానూ" అన్న కేక వినిపించింది. తలమీద గంప, గంప నిండా మెరిసే గిన్నెలతో ఒక స్త్రీ అరుగు దగ్గర ఆగింది. పిన్ని లోపలి నుండి మూట తెచ్చి విప్పింది. ఈ బేరాన్ని చూచి నవ్వుకునేవారున్నారు గాని, దీని వెనుక ఉన్న నేర్పు సామాన్యమైనది కాదు. ఆ స్త్రీ ఒక్కొక్క బట్టనూ వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూచింది. చంకల దగ్గర, మోకాళ్ళ దగ్గర, చీర కుచ్చెళ్ళు పడే చోట నేత పలచబడినదా అని తడిమింది. ప్యాంట్లు, చొక్కాలు ఒక ప్రక్కకు, నూలు చీరలు ఒక ప్రక్కకు, చిరిగినవి వేరొక ప్రక్కకు వేరుచేసింది. మంచివి ఉతికి, ఇస్త్రీ చేసి, సంతలో తిరిగి అమ్ముతారు. చిరిగిన నూలు గుడ్డ మోటారు వర్కుషాపులలో చమురు తుడవడానికి పోతుంది. సింథటిక్ గుడ్డ ఆ పనికి నూలు గుడ్డంతగా పనికిరాదు కాబట్టి దానికి ఆ గౌరవం కూడా లేదు.

పట్టుచీర వచ్చిందంటే లెక్క మారుతుంది. పాతకాలపు మేలైన జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, దానిపైన బంగారు పూత పూసేవారు. అటువంటి అంచును కాల్చి వెండిని రాబట్టే వర్తకులు ఉన్నారు. ఇప్పటి చవక జరీలో వెండికి బదులు రాగి తీగో, ప్లాస్టిక్ పొరో ఉంటుంది. దానిని ఎంత కాల్చినా మిగిలేది మసి. కావున అమ్మమ్మగారి చీరను ఎవరైనా అధిక ఉత్సాహంతో అడిగితే, ఇచ్చేవారు ఒకసారి ఆలోచించుకోవలెను.

ఆఖరికి ఆరు చీరలకు, నాలుగు చొక్కాలకు ఒక స్టీలు బేసిను కుదిరింది. పిన్ని ఇంకొక మూత కూడా కావాలన్నది. ఆ స్త్రీ, "మా అమ్మగారు కాదూ, ఈ రెండు చీరలూ అతుకులే గదమ్మా" అన్నది. మూత రాలేదు గాని చిన్న గరిటె వచ్చింది. ఇద్దరూ సంతోషించారు.

రాజోలులో

మరునాడు మేనత్త యింటికి చేరేసరికి పదకొండు గంటలయింది. సంచి చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఏరా అబ్బాయ్, మా వదిన బిందె దొరికిందా?" అని.

నా అలవాటుకు కారణం చెబుతానని ముందు మాట ఇచ్చాను. అది ఇదే. మా అమ్మ పోయిన ఏడాది తరువాత మేము అన్నదమ్ములం ఇల్లు సర్దుకున్నాము. అటక మీద అడుగు కారుతున్న ఒక ఇత్తడి బిందె ఉన్నది. దానిమీద అమ్మ పేరు ఉన్నది. మాలో ఎవరికీ అది అక్కరలేకపోయింది. వీధిన పోతున్న రిక్షా బండివాడిని పిలిచి తూకానికి ఇచ్చివేశాము. ఆ వచ్చిన డబ్బు దేనికి ఖర్చు చేశామో కూడా నాకు జ్ఞాపకం లేదు. అమ్మకు చదువు లేదు. ఆమె పేరు వ్రాసి ఉన్నవి మా యింట రెండే రెండు. ఒకటి రేషను కార్డు, రెండవది ఆ బిందె. కార్డులో పేరు ఆమె పోయిన తరువాత కొట్టివేశారు. బిందెను మేమే అమ్ముకున్నాము. ఈ లెక్క నాకు తెలిసేసరికి ఆలస్యమయింది. ఆనాటి నుండి కనిపించిన ప్రతి ఇత్తడి పాత్రనూ త్రిప్పి చూస్తూ ఉన్నాను.

"దొరకలేదత్తయ్యా. ఇది వేరెవరిదో" అని గుండిగను ఆమె ముందు పెట్టాను. ఆమె అక్షరాల మీద వ్రేలు నడిపింది. ఆమెకు కూడా చదువు రాదు. "ఎవరమ్మా నువ్వు?" అని గుండిగనే అడిగింది. కొంతసేపటికి తన సంగతి చెప్పింది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ముంచిన తుపానును పెద్దవారెవరూ మరచిపోలేదు. ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించారు. కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. కొబ్బరి కూలడమంటే ఒక్క పంట పోవడం కాదు. మన దేశవాళీ కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. వరి పోతే మరుసటి సార్వా ఉన్నది. కొబ్బరి తోట పోతే అన్ని సంవత్సరాలూ చేతిలో పైకం ఆడదు. ఆ మధ్యకాలంలో కుటుంబాలు ఏమి తిన్నాయి? అప్పు తిన్నాయి, బంగారం తిన్నాయి, తరువాత ఇత్తడి తిన్నాయి.

"గాలికి పైకప్పు పోయిందిరా. నా సారె బిందెలు మూడూ, గంగాళమూ ఇచ్చేస్తే పై ఖర్చుకు వచ్చింది. నా పేరే ఉండేది వాటి మీద. అప్పుడు పేరు చూసుకుంటే పిల్లలు తడుస్తారు" అన్నది అత్తయ్య. చెప్పేటప్పుడు ఆమె గొంతులో దుఃఖం లేదు. లెక్క చెప్పినట్లు చెప్పింది.

అప్పుడు నాకు ఒక విషయం తోచింది. గుజరీ కొట్టులో పడి ఉన్న వస్తువులన్నీ ఒకే దారిన వచ్చినవి కావు. మా అమ్మ బిందె అజాగ్రత్త వలన పోయింది. అత్తయ్య బిందెలు ఇల్లు నిలబెట్టడానికి పోయినవి. త్రాసులో రెండూ ఒకటే. చవకగా దొరికిందని సంతోషించే కొనుగోలుదారు ఆ సంతోషం వెనుక ఎవరి తుపాను ఉన్నదో ఎరుగడు. ఎరుగనంత మాత్రాన కొనడం తప్పు కాదు. కొనకపోతే ఆ రోజున ఆ యింటికి డబ్బు వచ్చేదే కాదు గదా! అయితే దొరికిన దానిని చులకన చేయకుండా ఉండడం మన చేతిలో పని.

భోజనమయిన తరువాత నడుము వాల్చడానికి అత్తయ్య బొంత పరచింది. ముతక దారంతో వరుస వరుసలుగా కుట్టిన బొంత. ఒక మూల చిరిగి లోపలి పొరలు కనిపిస్తున్నాయి. "ఇది మీ నాయనమ్మ నేతచీర. ఇది బండారులంకలో కొన్నది, నా పెళ్ళి తరువాత మొదటి సంక్రాంతికి. ఈ ఆకుపచ్చది మీ అమ్మది. నీళ్ళాడి లేచినప్పుడు నాకు ఇచ్చింది" అని పొరలు విప్పి చూపింది. నేను ఎన్నో ఊళ్ళలో వెదకుతున్నది ఒక ముక్క నా వీపు క్రిందనే ఉన్నది. దానిమీద పేరు లేదు. చెప్పడానికి అత్తయ్య ఉన్నది. పరాయివారి వస్తువులన్నీ ఒకచోట పోగుపడితే బజారు అవుతుంది, అయినవారి వస్తువులన్నీ ఒక దారంతో కుట్టితే బొంత అవుతుంది. ఉర్దూ భాష ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఊరుకున్నది.

కొనేవారికి, ఇచ్చేవారికి

వ్యాసం చదివి గుజరీ కొట్టుకు బయలుదేరే విద్యార్థులకు అనుభవం మీద కొన్ని మాటలు చెప్పవలసి ఉన్నది. ఇత్తడి పాత్రను కొన్న వెంటనే వంటకు వాడరాదు. చింతపండు, మజ్జిగ వంటి పులుపు తగిలితే రాగి కరిగి వంటలో దిగుతుంది. ఆకుపచ్చగా కట్టే చిలుము దాని గుర్తే. కావున లోపల కళాయి వేయించాలి. పాత్రను బాగా తోమి, నిప్పుమీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని తాకించి దూదితో రుద్దితే క్షణంలో వెండిలా తెల్లబడుతుంది. కళాయి అన్న మాట కూడా తగరానికి అరబ్బీలో ఉన్న పేరు నుండి వచ్చినదే. అడుగున పాత మాటు ఉన్న పాత్రలో సీసం కలిసి ఉండవచ్చు. దానిని వంటకు గాక పూలకుండీగానో, బియ్యం పోసుకోవడానికో ఉంచుకోవడం మేలు. పేరు చెక్కిన చోట గరుకు పొడితో, గాఢమైన ఆమ్లంతో తోమరాదు. చింతపండు, ముగ్గు చాలును.

ఇచ్చేవారికి కూడా ఒక మాట. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుండి పాత బట్టలు చేరాయి. వాటిలో పనికిరానివి కుప్పలు కుప్పలుగా దారుల ప్రక్కన పడి ఉన్నాయి. సర్వస్వం పోయిన మనిషి కూడా చిరిగిన చొక్కాను కళ్ళకు అద్దుకొని తీసుకోడు. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ అటువంటి బట్టలను సేకరించి, వేరుచేసి, ఉపయోగపడే రూపానికి తెచ్చే పని చేసింది. మనం ఇచ్చే బట్టను మన తమ్ముడు తొడుక్కొనగలడా అని ఒకసారి ప్రశ్నించుకొని, ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వడం మనుష్య ధర్మం.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ సెలవులలో మీ యింటి అటక ఎక్కండి. అక్కడ పేరున్న పాత్ర కనిపిస్తే, ఆ పేరు ఎవరిదో, ఏ ఊరి నుండి ఏ సంవత్సరంలో ఆ యింటికి వచ్చినదో పెద్దవారిని అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. తరువాత ఆ పాత్రను అమ్మవలసి వస్తే అమ్మండి. అవసరం అందరికీ వస్తుంది. వ్రాసుకోకుండా మాత్రం అమ్మవద్దు.

"గుదడీ కా లాల్" అని ఉర్దూలో ఒక నానుడి కలదు. బొంతలోని కెంపు అని దాని అర్థం. మనం మట్టిలో మాణిక్యం అంటాము. మా అమ్మ బిందె ఈపాటికి అజ్జరంలో కరిగి ఏ గుడిలోనో గంటయి ఉండవచ్చు. నేను దానిని వెదకడం మానలేదు. కొత్తపేటలో కొన్న గుండిగ మాత్రం కళాయి వేయించుకొని రాజోలులో అత్తయ్య పొయ్యి మీద ఉన్నది. ఆమె రోజూ దానిలో నీళ్ళు కాచుకుంటున్నది. తోమేటప్పుడు ఆ పేరు చోట చేయి తేలిక చేస్తానని, మొన్న వెళ్ళినప్పుడు చెప్పింది.